ఎంఎస్సీ సైకాలజీకి అప్లై చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

దూరవిద్యలో సీటు ఇస్తామంటే ఆగండి. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ చెప్పేసింది, అది తెలియక ఫీజు కట్టి చేరితే డబ్బుతో పాటు రెండేళ్లూ పోయినట్టే.

పీజీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోలేరు. ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన క్లినికల్ కోర్సు చేసి రిజిస్టర్ కావాలి. హెచ్‌ఆర్ వైపు వెళ్లేవాళ్లకి ఈ టెన్షన్ లేదు.

డిగ్రీలో సైకాలజీ చదవలేదా? ఒక్కోచోట ఒక్కో రూల్. నోటిఫికేషన్‌లో అర్హత లైను మీరే చదవండి, సీనియర్ చెప్పాడని వదిలేయకండి.

ఎంట్రన్స్ పరీక్షలంటారా, తెలంగాణకి సీపీగెట్, ఆంధ్రాకి పీజీసెట్, సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ. చివరిదానికి అప్లై చేసే గడువు డిగ్రీ ఫలితాలు రాకముందే అయిపోతుంది, చాలామంది అక్కడే దెబ్బతింటారు.