లైసెన్స్ రివాల్వర్‌తో బైక్ మీద వెళ్లాలంటే ఎలా?

మామిడి సీజన్‌లో దామలచెరువు మండీల దగ్గర చేతులు మారే డబ్బు చూసినవాళ్లకి, కొందరు వ్యాపారులు లైసెన్స్ తీసుకుని రివాల్వర్ ఎందుకు పెట్టుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. మా చిన్నాన్న కూడా అలాగే తీసుకున్నాడు. ఒక జూన్ సాయంత్రం పాకాల దగ్గర మలుపులో ఇసుక మీద ఆయన బండి జారింది. రివాల్వర్‌ని నడుము వెనక ప్యాంటులో దోపుకుని ఉన్నాడు. వెల్లకిలా పడేసరికి ఆ ఇనుము వెన్నుకు గుద్దుకుంది. రెండు నెలలు మంచం మీదే ఉన్నాడు. తూటా పేలలేదు, అంతవరకు అదృష్టం. ఇన్నేళ్లలో ఆయనకు దొంగ ఒక్కసారి కూడా ఎదురు కాలేదు. బండి మాత్రం మూడుసార్లు పడింది. అందుకే కింద చెప్పేవన్నీ పడిపోతామనే లెక్కతోనే చెబుతున్నాను.

బయల్దేరే ముందు లైసెన్స్ పుస్తకం తెరవండి

లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది. మన చిత్తూరోళ్లకి ఇది చాలా ముఖ్యం. చిత్తూరు నుంచి కాస్త దూరం పోతే తమిళనాడు, కుప్పం, వి.కోట దాటితే కర్ణాటక. రాష్ట్రం వరకే చెల్లే లైసెన్స్‌తో వేలూరు ఆసుపత్రికో, బెంగళూరు మార్కెట్‌కో రివాల్వర్ తీసుకెళ్తే కేసవుతుంది. లైసెన్స్ షరతులు మీరితే ఆయుధాల చట్టం సెక్షన్ 30 కింద 6 నెలల దాకా జైలు గానీ, 2,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

జాతరలకు, మత ఊరేగింపులకు, సభలకు, విద్యాసంస్థల ఆవరణలోకి తీసుకెళ్లకూడదన్న షరతు కూడా ఉంటుంది. తిరుపతి గంగమ్మ జాతర రోజుల్లో గుడి ఉన్న తాతయ్యగుంట వైపు వెళ్లే పనుంటే ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్లండి. దగ్గర దారి కదా అని యూనివర్సిటీ క్యాంపస్‌లోంచి బండి పోనివ్వకండి. తిరుమలకైతే ఆలోచనే వద్దు. కొండ మీద ఆయుధాలు నిషేధం, అలిపిరిలో మనిషినీ బండినీ తనిఖీ చేస్తారు. అక్కడిదాకా తెచ్చి ‘కాస్త దాచిపెట్టండి’ అని సెక్యూరిటీవాళ్లని అడగడం వాళ్లనీ మిమ్మల్నీ ఇబ్బందిలో పెట్టడమే.

ఎన్నికల కోడ్ వచ్చి పోలీసులు డిపాజిట్ చేయమంటే స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇవన్నీ చూశాక కూడా ఒక్క ప్రశ్న మిగులుతుంది. ఈరోజు దీంతో నిజంగా పనుందా? డబ్బు బ్యాంకు ద్వారా పంపగలిగితే, లేదా తోడుగా ఇంకో మనిషిని పిలుచుకుని కారులో వెళ్లగలిగితే, నా సలహా అదే.

ఒర విషయంలో పిసినారితనం వద్దు

రివాల్వర్‌కి వేలకు వేలు పోసి, ఒర దగ్గర మాత్రం రెండొందలతో సరిపెట్టేవాళ్లని చాలామందిని చూశాను. 2016 ఆయుధాల నిబంధనలు కూడా బహిరంగ స్థలంలో ఆయుధం ఒరలాంటి దాంట్లో, పూర్తిగా కప్పి, మన అదుపులో ఉండాలనే చెబుతాయి.

ఒర గట్టిగా ఉండాలి. ట్రిగ్గర్ ఉన్న భాగాన్ని మొత్తం మూసేయాలి. బయటి నుంచి వేలు గానీ, చొక్కా కొస గానీ, జిప్పు తాడు గానీ ట్రిగ్గర్‌కి తగలకూడదు. పైన బటన్ పట్టీ తప్పనిసరి. గతుకుల రోడ్డు మీద రివాల్వర్ ఎగిరి పడకుండా ఆపేది ఆ పట్టీయే. తోలు ఒర అయితే మన ఎండలకి, చెమటకి ఏడాది రెండేళ్లలో మెత్తబడిపోతుంది. మెత్తబడిన అంచు లోపలికి మడతపడితే, రివాల్వర్ దూర్చేటప్పుడు అదే ట్రిగ్గర్‌ని నొక్కగలదు. అలాంటిదాన్ని ఆలోచించకుండా పారేయండి. బెల్టు కూడా వెడల్పుగా, వంగనిదిగా ఉండాలి. .32 బోర్ రివాల్వర్ తూటాలతో కలిపి ముప్పావు కిలో దాకా బరువుంటుంది. మామూలు బెల్టుకి తగిలిస్తే వేలాడిపోతుంది. పంచె కట్టుకున్న రోజు రివాల్వర్ ఇంట్లోనే ఉండాలి.

ఒంటి మీద ఎక్కడ?

ఏ ఇబ్బందీ లేని చోటంటూ ఒంటి మీద లేదు. ఎక్కడ తక్కువ నష్టమో చూసుకోవాలి.

నడుము వెనక మధ్యలో వద్దు, కారణం మా చిన్నాన్నే. బొడ్డు కింద ముందువైపు కూడా వద్దు. బండి మీద ముందుకు వంగినప్పుడు గొట్టం మూతి తొడ వైపు తిరుగుతుంది. తొడలో పెద్ద రక్తనాళం ఉంది. అక్కడ దెబ్బ తగిలితే ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోవచ్చు. కుడిచేతి వాటం వాళ్లకి కుడి తుంటి ఎముకకి కొంచెం వెనకగా, వెన్నుకు దూరంగా ఉండే చోటు ఊళ్లో ప్రయాణాలకి పరవాలేదు. కుడివైపు పడితే తుంటికి దెబ్బ తప్పదు, అందుకని పైన మందపాటి రైడింగ్ జాకెట్ వేసుకోండి. దూరం వెళ్లేవాళ్లకి జాకెట్ లోపల చంక కింద వేలాడే ఒర బాగుంటుంది. అందులోనూ గొట్టం నేలవైపు చూసే రకమే తీసుకోండి. అడ్డంగా ఉండే రకంలో గొట్టం మూతి వెనక్కి తిరిగి ఉంటుంది. మీ వెనక సీట్లో ఎవరు కూర్చుంటారో ఒక్కసారి గుర్తు చేసుకోండి.

భార్యో పిల్లలో వెనక కూర్చుంటే ఇంకో చిక్కుంది. స్పీడ్ బ్రేకర్ రాగానే వాళ్లు మన నడుము గట్టిగా పట్టుకుంటారు. వాళ్ల చేతులు నేరుగా ఒర మీద పడతాయి. పిల్లలు వెనక ఉన్న రోజు నేనైతే తీసుకెళ్లను.

ట్యాంక్ కవరు, డిక్కీ, సైడ్ బాక్సు వంటివి మర్చిపోండి. డిక్కీ తాళం తీయడం దొంగకి నిమిషం పని. బండి పడితే సామాను ఒకవైపు, మనం ఒకవైపు పడతాం.

లోడ్ చేయడం, సరిచూసుకోవడం

లోడింగ్ అంతా ఇంట్లోనే, ఎవరూ లేని గదిలో, గొట్టాన్ని క్షేమమైన దిక్కుకి తిప్పి చేయాలి. ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. పాత రివాల్వర్లలో తూటాని కొట్టే సుత్తి సరిగ్గా తూటా మీదే ఆనుకుని ఉంటుంది. కింద పడితే ఆ దెబ్బకే పేలవచ్చు. అందుకే సుత్తి కింద ఉన్న తూటా గది ఖాళీగా వదలాలి. పిస్టల్ అయితే తూటాల మ్యాగజైన్ ఉన్నా, చాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉంచాలి.

తర్వాత నేను అందరిచేతా చేయించే పని ఒకటుంది. తూటాలన్నీ తీసేసి, గదులు ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, రివాల్వర్‌ని ఒరలో పెట్టుకుని, సెంటర్ స్టాండ్ వేసిన బండి మీద కూర్చోండి. ముందుకు వంగండి, కాలు కింద పెట్టండి, వెనక్కి తిరిగి చూడండి, కిక్ కొట్టండి. ఎక్కడ గుచ్చుకుంటోందో, చొక్కా ఎక్కడ పైకి లేస్తోందో మీకే తెలుస్తుంది. భాకరాపేట ఘాట్ మలుపుల్లో తెలియడం కంటే ఇంటి వాకిట్లో తెలియడం నయం.

దారిలో

జాకెట్ జిప్పు పైదాకా వేయండి. గాలికి చొక్కా ఎగిరి రివాల్వర్ కనబడితే జనం భయపడతారు. ఒకసారి చంద్రగిరి దగ్గర టీ కొట్టులో నా పక్కనున్న పెద్దాయన చేతిలో గ్లాసు వదిలేశాడు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. బండి మీద ఉండగా ఒర సర్దుకోవద్దు, జేబు మార్చుకోవద్దు. పెట్రోల్ బంకులో బాత్‌రూమ్‌కి వెళ్తే బెల్టుతో పాటు తీసి కొక్కేనికి తగిలించి మర్చిపోయేవాళ్లుంటారు. ఒరలోంచి బయటికి తీయకుండానే పని కానివ్వండి. మందు తాగితే ఆ రోజు బండీ వద్దు, రివాల్వరూ వద్దు.

పోలీసులు ఆపితే ఇంజిన్ ఆపి, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచండి. ‘సార్, నా దగ్గర లైసెన్స్ రివాల్వర్ ఉంది, కుడి నడుము దగ్గర ఉంది. పుస్తకం పై జేబులో ఉంది, తీయమంటారా?’ అని ముందే చెప్పండి. చూపించడానికని మీ అంతట మీరు రివాల్వర్ తీయకండి. ఒరిజినల్ లైసెన్స్ పుస్తకమే వెంట ఉండాలి.

బండి పడి దెబ్బ తగిలితే, స్పృహలో ఉన్నంతసేపూ దగ్గరికొచ్చినవాళ్లకి చెప్పాల్సిన మొదటి మాట ఇదే: ‘నా దగ్గర తుపాకీ ఉంది, ముట్టుకోవద్దు, పోలీసుల్ని పిలవండి.’ 108 వాళ్లకీ అదే చెప్పండి. రివాల్వర్ ఎక్కడో జారిపోయిందని తెలిస్తే వెతుకుతూ గంటలు గడపకుండా వెంటనే దగ్గర స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి.

ఇంటికి రాగానే తూటాలు తీసి లెక్కపెట్టండి. చెమట, వాన తడి తగిలిన ఇనుము రాత్రికి రాత్రే తుప్పు పట్టడం మొదలెడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, సన్నగా నూనె రాసి, ఒరలోంచి తీసి విడిగా ఆరనివ్వండి. రివాల్వర్ ఒక తాళం కింద, తూటాలు ఇంకో తాళం కింద పెట్టండి. తాళంచెవులు పిల్లలకు తెలియని చోట ఉండాలి.