డిపోకి చేరేసరికి కలప తగ్గుతోందా? ముందు టేపు సంగతి చూడండి

కూపులో, అంటే అడవిలో చెట్లు నరికే చోట, రాసిన లెక్కకీ డిపోలో దిగిన లెక్కకీ పొంతన లేకపోతే అందరి చూపూ ముందు లారీ డ్రైవర్ మీదే పడుతుంది. దొంగతనాలు లేవని కాదు. కానీ ప్రతి లోడులోనూ దాదాపు ఒకే శాతం తగ్గుతుంటే మాత్రం అనుమానించాల్సింది కొలతనే. దొంగ అంత లెక్కగా తీసుకెళ్లడు.

రెండు చోట్లా వాడే సూత్రం ఒకటేనా? 3 మీటర్ల పొడవు, నడిమిలో 120 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న దుంగ తీసుకోండి. చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణించే పాత పద్ధతిలో 0.27 ఘనమీటర్లు వస్తుంది. దాని అసలు ఘనపరిమాణం 0.344. అంటే ఒక్క పుల్ల కూడా పోకుండానే 21 శాతానికి పైగా తరుగు! ఆ తర్వాత బెరడు. మందం ఒక్క సెంటీమీటరే అయినా, ఒలిచాక చుట్టుకొలత 6 సెంటీమీటర్లకు పైగా పడిపోతుంది. ఇదే దుంగలో పదో వంతు పోయినట్టే. ఒకరు మొదలు దగ్గర, ఇంకొకరు నడిమిలో టేపు పడితే ఇక చెప్పేదేముంది.

ఏ సూత్రం, బెరడుతోనా లేకుండానా, టేపు ఎక్కడ పట్టాలి అన్నవి రాసుకుని ఇరువైపులా సంతకాలు పెట్టించండి. దుంగలకు నంబర్లు వేయించి, ఒక లోడులో ఓ పదింటిని ఇద్దరు మేస్త్రీలతో కలిపి కొలిపించండి. ఆ తర్వాత కూడా దుంగల సంఖ్యే తగ్గుతుంటే అప్పుడు డ్రైవర్‌ని అడగొచ్చు.

కాగితం తయారీకి తూకం మీద అమ్మే పల్ప్ కర్రది వేరే కథ. పచ్చి కర్ర బరువులో దాదాపు సగం నీళ్లే కాబట్టి, రోడ్డు పక్కన ఎండినకొద్దీ బరువు తగ్గుతుంది. ముందు నరికింది ముందు పంపండి, అంతే.

దుంగల చివర్లు పగులుతున్నాయా? మధ్యభాగం కంటే చివర్లు త్వరగా ఆరిపోవడమే కారణం. కోసిన రోజే చివర్లకు మైనం గానీ చిక్కటి పెయింట్ గానీ పూసి నీడన పెట్టించండి.

పని మందగిస్తే కూలీలను తిట్టే ముందు రంపం కింద ఏం రాలుతోందో చూడండి. ముక్కలుగా రాలాలి. పిండిలా పడుతోందంటే చైన్ పళ్లు మొద్దుబారాయన్నమాట, ఆకురాయి పట్టించాలి. కోత ఒక పక్కకే లాగుతుంటే రెండు వైపుల పళ్లూ సమానంగా లేవని అర్థం.

కూలీల ముఠా సగంలో పని వదిలేసి వెళ్లిపోతుంటే అది చాలాసార్లు రేటు గొడవే. రోడ్డు పక్క చెట్టుకీ, లోయలోంచి ఈడ్చుకురావాల్సిన చెట్టుకీ ఒకే రేటు ఇస్తే లోయలో చెట్లు అలాగే మిగిలిపోతాయి. దూరాన్నీ వాలునీ బట్టి రేటు కట్టండి. లారీ రాక ఖాళీగా కూర్చున్న గంటలకూ కూలి ఇవ్వండి, వాళ్లను కూర్చోబెట్టింది మీ లారీయే కదా.