ఫిలిప్పీన్స్ నర్సుల్లో సహానుభూతిని, కరుణను కొలవాలంటే

ప్రశ్నపత్రం వెతకడానికి ముందే ఒకటి తేల్చుకోండి, మీరు కొలవబోయేది సహానుభూతినా, కరుణనా? రోగి బాధ అర్థం కావడం ఒకటి, అర్థమయ్యాక ఏదో ఒకటి చేయకుండా ఉండలేకపోవడం ఇంకొకటి. అక్కడివాళ్లు రెండోదాన్ని మలసాకిత్ అంటారు. ఎదుటి మనిషి నోరు తెరవకముందే మనసు పసిగట్టడం పకికిరమ్‌దమ్. ఉత్త జాలి అయితే అవా. అనువాదంలో మలసాకిత్ ఉండాల్సిన చోట అవా పడిందంటే మీ స్కోర్లన్నీ జాలిని కొలిచినట్టే.

సహానుభూతికి ఎక్కువగా వాడేది జెఫర్సన్ స్కేల్. 20 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. ఆరోగ్య సిబ్బందికి, విద్యార్థులకు విడి వెర్షన్లున్నాయి, అనుమతి తీసుకునే వాడాలి. సగం వాక్యాలు వ్యతిరేకార్థంలో ఉంటాయి, అంటే వాటిలో 6 వేస్తే మీరు 2గా లెక్కేయాలి, ఇది మర్చిపోతే మొత్తం తారుమారే. సేవ చేసి చేసి మనసు అలసిపోయిందా అని చూడాలంటే ప్రోక్వాల్ అనే ప్రశ్నపత్రం ఉంది: 30 ప్రశ్నలు, తృప్తికి, పనితో విసిగి డీలాపడిపోయే బర్నౌట్‌కి, రోగుల బాధ చూసి తమకూ పట్టుకునే ఒత్తిడికి మూడు వేర్వేరు స్కోర్లు. వాటిని కలిపి ఒక్క అంకె చేయకండి.

సెబూలో సెబువానో, ఇలోకోస్‌లో ఇలోకానో మాట్లాడతారు కాబట్టి టాగలాగ్ పత్రం ఒక్కటే సరిపోదు. ఒకరు అనువదించాక, మూలం చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషులోకి రాయించండి. ఆ తర్వాత నలుగురైదుగురు నర్సుల పక్కన కూర్చోండి, ఒక్కో వాక్యం చదివి మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమనండి. పెన్ను ఎక్కడ ఆగిందో చూడండి. "రోగి భావాలు నన్ను కదిలించకూడదు" లాంటి వాక్యం దగ్గర ఒకరు "ఏడిస్తే సెలైన్ ఎవరు పెడతారు?" అనుకుని అవును అని గీస్తే, అది కఠినత్వం కాదు, వాక్యం తప్పుగా అందింది.

పత్రాలు చీఫ్ నర్సు చేత పంచించకండి. హియా, అంటే పరువు, మొహమాటం కలిసిన సిగ్గు, అక్కడ గట్టిగా పనిచేస్తుంది, పైవాళ్లు చూస్తారనుకుంటే అందరూ మంచి మార్కులే వేసుకుంటారు. పేర్లు అడగకండి, ఎథిక్స్ కమిటీ అనుమతి, 2012 నాటి డేటా ప్రైవసీ చట్టం రెండూ చూసుకోండి.

రోగుల్నీ అడగండి, సిబ్బంది సహానుభూతికి రోగులే మార్కులు వేసే కేర్ మెజర్‌లో ఉన్నవి 10 ప్రశ్నలే. అయితే సాయం పొందినవాళ్లకు ఉతాంగ్ నా లోఓబ్ అనే రుణభావం ఉంటుంది, అందుకే వార్డుకు సంబంధం లేని మనిషితో, డిశ్చార్జి అయ్యాక అడిగించాలి.

దయచేసి ఇది మాత్రం వదిలేయకండి: పత్రం మీద ఆ షిఫ్టులో ఎన్ని గంటలు పనిచేశారు, ఎంతమంది రోగుల్ని చూశారు అనే రెండు గడులు పెట్టండి, లేకపోతే పదహారు గంటలు నిలబడ్డ మనిషి నీరసాన్ని మీరు దయలేనితనంగా రాసేస్తారు.