అడుగున ఏముందో చూశారా? విశాఖలో సెకండ్ హ్యాండ్ కారు: సమస్య - పరిష్కారం

కార్టూన్ హాస్య కార్యక్రమాల్లో పాత కారు కొనే ఘట్టం ఎప్పుడూ ఒకటే. తళతళలాడే బండి, పళ్లన్నీ కనిపించేలా నవ్వే అమ్మకందారు, బేరం కుదిరి వీధి మలుపు తిరిగేలోపే తలుపు ఊడి చేతికి రావడం. పిల్లలతో కలిసి చూస్తూ నేనూ పగలబడి నవ్వాను. మద్దిలపాలెంలో నేను కొన్న కారు తలుపు ఊడలేదు. ఊడాల్సినవన్నీ అడుగున ఉన్నాయి.

సమస్య: గుంతలో పడితే కింద ధణ్‌మని చప్పుడు, స్టీరింగ్ ఒక పక్కకు లాగడం

బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కలు), షాక్ అబ్జార్బర్లు అరిగిపోయి ఉంటే అదృష్టమే, మార్చితే సరిపోతుంది. ఈ ఊళ్లో ముందు అనుమానించాల్సింది తుప్పును. బీచ్ రోడ్డు వైపు ఆరుబయట నిలిపే కారుకు రాత్రంతా ఉప్పుగాలి పడుతుంది. నంబరు ఏపీ 31 అయితే అది విశాఖలోనే రిజిస్టరైన బండి. 2019లో వచ్చిన ఏపీ 39 రాష్ట్రమంతటికీ ఒకటే కాబట్టి, ఎక్కడ తిరిగిందో అడిగి తెలుసుకోవాలి.

నా కారు అడుగున కొత్తగా పూసిన నల్ల రంగు నిగనిగలాడుతుంటే ముచ్చటపడ్డాను. మెకానిక్ బండిని ర్యాంప్ ఎక్కించి, స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లాడు. ఒకచోట టంగుమంది. జానెడు పక్కన డబ్బుమంది. అక్కడ మొనతో నొక్కితే రేకు అప్పడంలా విరిగి, ఎర్రటి పొడి అతని మోచేతి మీద రాలింది. "ఇది రంగు కాదు సార్, దుప్పటి" అన్నాడు.

పైపై తుప్పయితే వైర్ బ్రష్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, ప్రైమర్ వేసి, ఆ తర్వాతే కోటింగ్ వేయించాలి. తుప్పు మీదే కోటింగ్ వేస్తే లోపల తేమ నిలిచి ఇంకా తింటుంది. చిల్లు పడితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. సస్పెన్షన్ బిగించే చోట చిల్లు కనిపిస్తే మాత్రం బేరం ఆడకండి, ఇంటికి వచ్చేయండి. పైభాగానికి మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం చాలు. ఇనుప రేకు మీద ఒకచోట పట్టు సడలితే అక్కడ సొట్టను కప్పిన పుట్టీ ఉన్నట్టే. కొన్నాక తరచూ అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. తలుపుల అడుగున నీరు కారే రంధ్రాల్లో ఇసుక చేరితే పుల్లతో తీసేయండి.

సమస్య: ఏసీ గ్యాస్ నింపిన రెండు నెలలకే మళ్లీ వేడిగాలి

గ్యాస్ దానంతట అది అయిపోదు, ఎక్కడో కారుతోంది. ముందువైపు ఉండి గ్యాస్‌ను చల్లబరిచే కండెన్సర్‌ను ఉప్పుగాలి తినేయడం ఇక్కడ మామూలే. మళ్లీ గ్యాస్ నింపించే ముందు నైట్రోజన్ ఒత్తిడితో లీకు పరీక్ష చేయించి, చిల్లున్న భాగాన్ని మార్చండి.

సమస్య: వానపడిన రోజు లోపల బురద వాసన, కిటికీలు ఒకసారి పనిచేసి ఒకసారి మొరాయించడం

కారు నీట మునిగి ఉండవచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, తడిసిన గీత అక్కడ దాక్కుంటుంది. కార్పెట్ ఎత్తి సీటు పట్టాల సందుల్లో ఒండ్రు ఉందేమో వెతకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చేనాటికే ఇక్కడ తిరుగుతున్న బండయితే, పైకప్పు మీద చెట్టు పడి సరిచేసిన ఆనవాళ్లూ చూడాలి. వైరింగ్ కనెక్టర్లు శుభ్రం చేయించవచ్చు గానీ, ఆ జబ్బు తిరగబెడుతూనే ఉంటుంది.

సమస్య: సింహాచలం ఘాట్‌లో ఇంజను అరుస్తుంది, బండి కదలదు

ఆర్‌పీఎం (ఇంజను తిరిగే వేగం) పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగి జారుతోంది. వేడి ముల్లు ఎగబాకితే కూలెంట్ మట్టం, రేడియేటర్, ఫ్యాన్ చూడాలి. ఇంజను చల్లారాక ఆయిల్ మూత అడుగున పాలు కలిసిన టీ రంగు జిడ్డు దట్టంగా ఉంటే ఇంజనులో ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించండి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది, నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువవుతోంది. ఇంజను వేడెక్కాక చాలా లోపాలు దాక్కుంటాయి. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే "రేపు పొద్దున్నే వస్తాను" అని చెప్పి వచ్చేయండి.

సమస్య: మీటరులో 38,000 కిలోమీటర్లు, బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం బోడిగా ఉండటం

మీటరు తిప్పారు. సర్వీసు రికార్డులు చూపించమనండి. "డాక్టరుగారి బండి సార్, ఆదివారం మాత్రమే తీసేవారు" అనే కథ నేను ముగ్గురి దగ్గర విన్నాను. విశాఖలో ఆదివారం డాక్టర్లు చాలామందే ఉన్నారు.

సమస్య: డబ్బు కట్టేశారు, ఆర్‌సీ మీ పేరుకు మారలేదు

అప్పు తీరినా బ్యాంకు పేరు ఆర్‌సీలో మిగిలిపోవడం ఎక్కువగా కనిపించే కారణం. దానికి ఫారం 35, బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. ఒడిశా బండయితే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. చౌకగా వచ్చిందన్న సంబరం ఆ ట్యాక్సు లెక్క చూశాక తగ్గుతుంది. చలానాల బకాయి ముందే చూసుకోండి. బీమా మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో దరఖాస్తు ఇవ్వండి. అమ్మినవారు కూడా ఊరుకోకూడదు: రికార్డుల్లో ఎవరి పేరుందో ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు కారు అమ్మినాయన సంతకాలకు మూడు వారాలు తిప్పించాడు. ఈ సంగతి చెప్పిన మర్నాడే ఫారాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.