కారులో యాంప్లిఫైయర్ పెట్టిస్తున్నారా? ముందు ఫ్యూజ్ ఎక్కడుందో చూడండి

యాంప్లిఫైయర్‌కి బ్యాటరీ నుంచి వేసే పవర్ వైరుకు ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, జానెడు, మహా అయితే మూరెడు దూరంలో. చాలామంది డిక్కీలో, యాంప్లిఫైయర్ దగ్గర పెట్టి వదిలేస్తారు. యాంప్లిఫైయర్‌లో ఎలాగూ ఒక ఫ్యూజ్ ఉంటుంది. మనం వేసేది వైరు కోసం. ఇంజిన్ వెనక రేకు రంధ్రంలో వైరు ఒరుసుకుని తొడుగు చిరిగిందనుకోండి, బ్యాటరీ కరెంటంతా అక్కడే బాడీకి షార్ట్ అవుతుంది. డిక్కీలోని ఫ్యూజ్ దాన్ని ఆపలేదు, వైరు కాలిపోతుంది. ఆ ఒరుసుకోవడం ఉండకూడదనే ఆ రంధ్రానికి రబ్బరు గ్రామెట్ (అంచుకు తొడిగే రింగు) తప్పనిసరి.

నా పాత కారులో పాట గట్టిగా పెడితే యాంప్లిఫైయర్ కట్ అయిపోయేది. వైరు కోసి చూస్తే లోపల అల్యూమినియం, పైన రాగి పూత! చవక కిట్లలో ఎక్కువగా ఇదే, అంతే లావున్న రాగి వైరంత కరెంటు మోయలేదు. 500 వాట్ల ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) యాంప్లిఫైయర్ 12 వోల్టుల మీద సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి అచ్చమైన రాగి 4 గేజ్ (వైరు లావు కొలత) వైరు తీసుకుంటే నిశ్చింత. ఫ్యూజ్ రేటింగ్ మాత్రం వైరు మోయగలిగే కరెంటును మించకూడదు.

యాంప్లిఫైయర్ నుంచి కారు బాడీకి బిగించే ఎర్త్ వైరూ అంతే లావుండాలి, పొడవు మూరెడు చాలు. బోల్టు బిగించేచోట పెయింట్ గీకి, రేకు మెరిసేలా చేయండి. స్టీరియో నుంచి యాంప్లిఫైయర్‌కి పాట సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ కేబుళ్లు పవర్ వైరు లేని రెండోవైపు నుంచి తీసుకెళ్లండి, ఇంజిన్ గుయ్‌మనే శబ్దం స్పీకర్లలోకి వచ్చే అవకాశం తగ్గుతుంది.

అన్నట్టు, పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి.