నోటీసు అందుకున్న చిన్న రైతు చేయవలసినవి

చేవెళ్ల నుంచో ఇబ్రహీంపట్నం నుంచో రెండు గంపల కూరగాయలు, నాలుగు సీసాల నెయ్యి హైదరాబాద్ నగరానికి తెచ్చి అమ్ముకునే కుటుంబాన్ని "లైసెన్సు ఉందా?" అన్న ఒక్క ప్రశ్న భయపెడుతుంది. భయంతో సరుకు వదిలి వెళ్లిపోవడం గానీ, చేతిలో ఎంతో కొంత పెట్టి బయటపడడం గానీ చేయకుండా, అడిగిన అధికారి ఏ చట్టంలోని ఏ సెక్షన్ ప్రకారం అడుగుతున్నారో వ్రాతపూర్వకంగా చెప్పమని మర్యాదగా కోరడం మొదటి పని.

చట్టం రైతును ఎక్కడ వదిలిపెట్టిందో తెలుసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని సెక్షన్ 18(3) ప్రకారం రైతుకు, వ్యవసాయ పనులకు, పంటలకు, పశువులకు, పొలం స్థాయిలో రైతు పండించిన ఉత్పత్తులకు ఆ చట్టం వర్తించదు. అదే చట్టం సెక్షన్ 3లో ప్రాథమిక ఆహారాన్ని నిర్వచిస్తూ, సహజ రూపంలో ఉన్న పంట రైతు కాని మరొకరి చేతికి వెళ్లినప్పుడే ఆ నిర్వచనంలోకి వస్తుందని చెప్పింది. కాబట్టి తన చేనులో కోసిన బెండకాయలు, టమాటాలు, ఆకుకూరలు తానే అమ్ముకుంటున్న రైతును ఆహార లైసెన్సు అడిగితే, ఈ రెండు సెక్షన్లను ఉటంకిస్తూ సమాధానం వ్రాసి ఇవ్వాలి. దానికి పట్టాదారు పాసుపుస్తకం నకలును, వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) నమోదు చేసిన పంట వివరాలను జతచేయాలి. కౌలు రైతుకు ఈ రెండవ కాగితమే పెద్ద ఆధారం.

నెయ్యి, పచ్చళ్లు, గానుగ నూనె, కారంపొడి వంటి తయారీ సరుకుల సంగతి వేరు. వీటికి కూడా మినహాయింపు ఉందని వాదించి నెలల తరబడి తిరగడం కంటే, చిన్న వ్యాపారులకు సెక్షన్ 31(2) కల్పించిన రిజిస్ట్రేషన్ తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. 2011 నిబంధనలు ఇందుకు వార్షిక అమ్మకాల హద్దును 12 లక్షల రూపాయలుగా, రుసుమును ఏడాదికి 100 రూపాయలుగా పెట్టాయి. ప్రస్తుత హద్దును ఆహార లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు ఇచ్చే ప్రభుత్వ వెబ్‌సైటు ఫోస్కాస్ పోర్టల్‌లో చూసుకుని దరఖాస్తు చేయాలి. సహకార పాల సంఘంలో సభ్యులై పాలన్నీ సంఘానికే పోసే రైతులకు ఆ నిబంధనలే రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపు ఇచ్చాయి.

తయారీ సరుకు నమూనా తీసుకునేటప్పుడు అధికారి దాని ధర చెల్లించాలి, నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. అందులో ఒక భాగాన్ని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపమని కోరే హక్కు అమ్మకందారుకు ఉంది. ఆ కోరికను అక్కడికక్కడే కాగితం మీద పెట్టి సంతకం తీసుకోవాలి. లోపాలు సరిదిద్దమని సెక్షన్ 32 కింద ఇచ్చే నోటీసులో కారణాలు, చేయవలసిన మార్పులు స్పష్టంగా ఉండాలి, గడువు 14 రోజులకు తగ్గకూడదు. తగిన కారణం లేకుండా వేధించడానికే సరుకును స్వాధీనం చేసుకున్న అధికారికి సెక్షన్ 39 కింద లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. దీన్ని బెదిరింపుగా వాడకుండా, వేధింపు నిజంగా జరిగినప్పుడు ఆధారాలతో ఫిర్యాదు చేయాలి.

రోడ్డు పక్కన అమ్మేవారికి 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం అండగా ఉంది. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా ఇవ్వాలి; రైతు అడిగినప్పుడు, చట్టంలోని రుసుము కట్టించుకుని, కూరగాయల వంటి పాడైపోయే సరుకును అదే రోజు విడుదల చేయాలి. మెహదీపట్నం, ఎర్రగడ్డ వంటి రైతు బజార్లలో చోటు కోసం గుర్తింపు కార్డుకు ముందుగానే దరఖాస్తు చేసుకుంటే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

భూమి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పొలం ఏ జోన్‌లో ఉందో ఎవరో చెప్పిన మాటను బట్టి కాక, సర్వే నంబరు వారీగా హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) నుంచి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకుని నిర్ధారించుకోవాలి. మొయినాబాద్, శంషాబాద్ ప్రాంతాల్లో 1996 నాటి 111 జీవో పేరు చెప్పి సాగుదారులను కంగారుపెట్టేవారు ఉంటారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల రక్షణకు 84 గ్రామాలలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను ఆపడానికి తెచ్చిన ఆ ఉత్తర్వు వ్యవసాయాన్ని నిషేధించలేదు. పశువుల కొట్టానికో పంట ఆరబోసే కల్లానికో నాలా మార్పిడి (సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం) కావాలని ఎవరైనా అంటే, ఏ నిబంధన ప్రకారమో వ్రాసి ఇవ్వమని అడగకుండా దరఖాస్తు చేయకూడదు. ఒకసారి రికార్డులో వ్యవసాయేతర భూమిగా మారితే సాగు భూమికే ఇచ్చే రైతు భరోసా వంటి సాయం దూరమవుతుంది.

సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్నను మళ్లీ అడగాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వడం ఆ కార్యాలయం బాధ్యత. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చే అర్జీకి రశీదు తప్పక తీసుకోవాలి. న్యాయవాది అవసరమైతే 15100 నంబరుకు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం కోరవచ్చు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అది లభిస్తుంది కనుక, బజారులో కూర్చుని అమ్మేది ఇంటి ఆడవారే అయినప్పుడు నోటీసుకు జవాబును, న్యాయ సహాయ దరఖాస్తును వారి పేరుతోనే పెట్టడం మంచిది.