బంతి జారిపోయాక ఏం చేయాలి: పిల్లల బేస్‌బాల్ కోచ్‌గా నేను నేర్చుకున్నవి

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల జట్టుకు కోచింగ్ మొదలుపెట్టిన కొత్తలో నాకో నమ్మకం ఉండేది. పిల్లల మనసు గట్టిపడాలంటే కోచ్ గట్టిగా ఉండాలని. మొదటి సీజన్ మధ్యలో ఒక మ్యాచ్‌లో, షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్‌గా) ఆడుతున్న పదేళ్ల బాబు కాళ్ల సందులోంచి గ్రౌండ్ బాల్, అంటే నేల మీద దొర్లుకొచ్చే బంతి, జారిపోయింది. రెండు పరుగులు వచ్చేశాయి. నేను తిట్టలేదు. టోపీ తీసి తొడకేసి కొట్టుకున్నాను, అంతే. వాడు బంతి ఎటు పోయిందో చూడలేదు, తల తిప్పి డగౌట్‌లో (జట్టు కూర్చునే చోట) ఉన్న నన్ను చూశాడు.

ఆ తర్వాత మూడు వారాల పాటు, బంతి తన వైపు దొర్లుకొస్తుంటే వాడి కాలు అర అడుగు వెనక్కి పడేది. వెనక్కి జరుగుతూ గ్రౌండ్ బాల్ పట్టడం పెద్దవాళ్లకే కష్టం. బంతి ఎక్కడ లేస్తుందో అంచనా దొరకదు, ఫస్ట్ బేస్‌కి (బ్యాటర్ పరిగెత్తి చేరాల్సిన మొదటి మజిలీకి) త్రో ఆలస్యమవుతుంది. నేను వాడి చేతులు సరిచేస్తూ, మోకాళ్లు వంచమని చెబుతూ గడిపాను. అసలు జబ్బు నా టోపీలో ఉందని తట్టడానికి చాలా రోజులు పట్టింది.

అందుకే పిల్లల బేస్‌బాల్‌కి కొత్తగా కోచ్ అయ్యేవాళ్లకు నేను మొదట చెప్పేది బ్యాటింగ్ గురించో పిచింగ్ (బ్యాటర్‌కు బంతి విసరడం) గురించో కాదు, తప్పు జరిగాక వచ్చే ఆ కొన్ని సెకన్ల గురించి. బేస్‌బాల్‌లో ఆట కన్నా ఆగడమే ఎక్కువ. అమెరికా ప్రొఫెషనల్ మేజర్ లీగ్‌లో 2023 నుంచి పిచ్చర్‌కు గడియారం పెట్టారు, బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో బంతి విసరడం మొదలుపెట్టాలి. పిల్లల ఆటలో అంతకన్నా ఎక్కువసేపే పడుతుంది. ఒక్క క్షణం కూడా ఆగని ఆటల్లో తప్పు చేసిన పిల్లవాడు పరిగెడుతూనే దాన్ని మర్చిపోతాడు. ఇక్కడ మాత్రం అందరి ముందూ ఒంటరిగా నిలబడి దాన్నే తలుచుకుంటాడు. ఆ ఖాళీలో వాడి బుర్రకి మీరు పని ఇవ్వకపోతే, వాడే ఇచ్చుకుంటాడు.

మేం పెట్టుకున్న పని పేరు "దులుపుడు". తప్పు జరగ్గానే మొదట బంతి వెనక పరిగెత్తాలి. ఆట ఆగేదాకా బాధపడటానికి సెలవు లేదు. ఆగాక వంగి చిటికెడు మట్టి తీసుకుని, గట్టిగా నలిపి, కిందికి వదిలేసి చెయ్యి దులుపుకోవాలి. తర్వాత తలెత్తి ఒకే ఒక చోటు చూడాలి. మా పిల్లలకి అది ఫౌల్ పోల్ (మైదానం అంచున నిలబెట్టిన పొడవాటి స్తంభం) చివర. అటు చూస్తూ ఒక్కసారి నిదానంగా ఊపిరి వదలాలి. చివరికి ఎన్ని అవుట్లయ్యాయో వేళ్లతో చూపిస్తూ, వచ్చే బంతి తన దగ్గరికొస్తే ఎటు విసురుతాడో పక్కవాడికి వినిపించేలా చెప్పాలి: "ఒక అవుట్, నాకొస్తే సెకండ్‌కి!"

ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. "మర్చిపోరా" అంటే ఏ పిల్లవాడూ మర్చిపోలేడు. కానీ వచ్చే బంతిని ఎటు విసరాలో లెక్కేస్తున్నవాడికి పోయిన బంతి గురించి ఆలోచించే తీరిక ఉండదు. పక్కవాడు కూడా బదులివ్వాలి, "రన్నర్ ఫస్ట్‌లో ఉన్నాడు, నేను బేస్ కవర్ చేస్తా" అని. మా జట్టులో "పర్లేదు, పర్లేదు" అనడం ఆపించాను. రెండు పరుగులు వచ్చాక పర్లేదు అంటే అది అబద్ధమని పిల్లలకు తెలిసిపోతుంది. దానికన్నా పని మాట ఒకటి వినిపిస్తే మేలు.

మ్యాచ్ రోజు చెబితే ఇది రాదు. గ్రౌండ్ బాల్ పట్టడం ఎలా నేర్పుతామో దులుపుడునూ అలాగే నేర్పాలి. నేను ప్రాక్టీస్‌లో ఒక్కొక్కరికి పన్నెండు బంతులు కొడతాను. వాటిలో మూడు కావాలనే పట్టలేనట్టు, గడ్డీ మట్టీ కలిసే అంచుకి తగిలేలా కొడతాను. బంతి పట్టినందుకు పాయింట్ ఉండదు. జారిపోయాక దులుపుడు మొత్తం చేస్తే ఒక పాయింట్. మొదటి వారం అందరూ నవ్వుకుంటారు, నవ్వనివ్వండి. మూడో వారానికి అలవాటైపోతుంది. నేను బ్యాట్ ఊపి బంతి తగలకపోతే (ఇది నేను ఒప్పుకోదలచుకున్న దానికన్నా ఎక్కువే జరుగుతుంది) నేనూ వంగి మట్టి తీసుకుంటాను. ఆ రోజు పిల్లల ఆనందం చూడాలి.

ఒత్తిడి అలవాటు చేయడానికి చాలామంది కోచ్‌లు వాడే డ్రిల్ ఒకటుంది. వరసగా 21 అవుట్లు చేయాలి, ఒక్కటి తప్పినా లెక్క మళ్లీ సున్నా నుంచి. హైస్కూల్ పిల్లలకి బాగుంటుంది. తొమ్మిదేళ్లవాళ్లతో చేస్తే, పద్దెనిమిదో అవుట్ దగ్గర తప్పు చేసినవాడి మీద మిగతా పదకొండు మంది చూపులూ పడతాయి. ఒకసారి చేయించి చూశాను, ఒక పాప గ్లవ్ మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పట్నుంచి తప్పితే మూడు వెనక్కి, అంతే. కష్టంగానే ఉంటుంది, కానీ ఎవరి నెత్తినా మొత్తం కూలిపోదు. ఇంకొకటి: తప్పు చేసినందుకు మైదానం చుట్టూ పరుగెత్తించకండి. పరుగు ఈ ఆటలో సగం, దాన్ని శిక్షగా మారిస్తే వాళ్లు దాన్నే అసహ్యించుకుంటారు.

ఇక మీ మొహం. ఒక మ్యాచ్‌లో అసిస్టెంట్‌ని అడిగి, ఒక ఇన్నింగ్స్ మొత్తం మైదానాన్ని కాకుండా నన్ను ఫోన్‌లో వీడియో తీయించుకున్నాను. చూసుకుంటే సిగ్గేసింది. నోరు మూసుకునే ఉన్నాను గానీ, భుజాలు, కనుబొమ్మలు, ఆకాశంలోకి చూపు, అన్నీ తిడుతూనే ఉన్నాయి. మీరూ ఒకసారి తీయించుకోండి. దానికి నాకు దొరికిన మందు చాలా చిన్నది: రెండు చేతులతో క్లిప్‌బోర్డ్ పట్టుకోవడం, ఎర్రర్ (ఫీల్డింగ్‌లో తప్పు) జరగ్గానే కిందికి చూసి వచ్చే బ్యాటర్ నంబర్ రాసుకోవడం. చేతులకి పనుంటే టోపీ తలమీదే ఉంటుంది.

బ్యాటింగ్ దగ్గర సమస్య వేరు. ఇక్కడ ఓటమే మామూలు సంగతని పిల్లలకి ఎవరూ చెప్పరు. నేను ఒక లెక్క చెబుతాను. 1941లో టెడ్ విలియమ్స్ అనే మేజర్ లీగ్ బ్యాటర్ .406 సగటుతో, అంటే లెక్కలోకొచ్చే ప్రతి వెయ్యి బ్యాటింగ్ అవకాశాలకి 406 హిట్ల (బంతి కొట్టి బేస్ చేరడం) చొప్పున ఆడాడు. ఆ తర్వాత అమెరికన్ లీగ్‌లో గానీ నేషనల్ లీగ్‌లో గానీ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాలు) సీజన్ మొత్తానికి .400 దాటిన బ్యాటర్ ఇప్పటిదాకా లేడు. ఆ ఏడాది విలియమ్స్ ఖాతాలో 456 ఎట్-బ్యాట్‌లు (లెక్కలోకొచ్చే ఆ అవకాశాలు), 185 హిట్లు. తీసివేత పిల్లల చేతే చేయిస్తాను: 271 సార్లు హిట్ లేదు. "అంటే మంచి ఏడాదిలోనే ఇన్నిసార్లా!" అని ఒకడు ఆశ్చర్యపోయాడు. అవును, మంచి ఏడాదిలోనే.

లెక్క చెప్పి వదిలేస్తే సరిపోదు. స్కోరు పుస్తకంలో హిట్ ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి, నేను వేరే నోట్‌బుక్ పెట్టాను. ఆరు లేదా అంతకన్నా ఎక్కువ పిచ్‌లు ఆడినా, బంతిని గట్టిగా కొట్టి క్యాచ్ అయినా, వాక్ (పిచ్చర్ నాలుగు బంతులు గురి తప్పితే ఉచితంగా దొరికే ఫస్ట్ బేస్) తీసుకున్నా, బేస్ మీదున్న రన్నర్‌ని ముందుకి పంపినా టిక్ పడుతుంది. మూడు స్ట్రైక్‌లు పడి స్ట్రైక్ అవుట్ అయిన పిల్లకి కూడా ఎనిమిది పిచ్‌లు ఆడినందుకు టిక్ పడొచ్చు. నోట్‌బుక్ గోడకి అంటించను, ఒకరి టిక్‌లు ఇంకొకరికి చూపించను. అడిగితే వాళ్లది వాళ్లకి చెబుతాను.

బంతి తగులుతుందన్న భయాన్ని పిరికితనం అనుకోకండి. గట్టి బంతి, పదేళ్ల ఒళ్లు. భయం తెలివైనదే. "భయపడకు" అనడం దండగ, తప్పుకోవడం నేర్పండి. టెన్నిస్ బంతులు తీసుకుని, మెల్లగా కావాలనే వాళ్ల మీదకి విసరండి. గడ్డం భుజంలోకి దాచుకుని, మొహాన్నీ ఛాతీనీ పిచ్చర్ నుంచి క్యాచర్ వైపు తిప్పేసి, బంతి వీపుకో భుజానికో తగిలేలా తిరగడం నేర్పించండి. తప్పించుకోవడం వచ్చిన పిల్లవాడే బాక్స్‌లో (బ్యాటర్ నిలబడే గీతల మధ్య) నిలబడతాడు. మా జట్టులో ప్రతిసారీ బాక్స్ బయటికి అడుగేసే అమ్మాయి, ఈ ఆట నాలుగు రోజులు ఆడాక కదలకుండా నిలబడింది. హిట్ రావడానికి ఇంకో నెల పట్టింది, అది వేరే సంగతి.

ఓర్పు పేరుతో జరిగే అన్యాయాల్లో పెద్దది పిచ్చర్ చెయ్యి మీద జరుగుతుంది. లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్ సంస్థ) నిబంధనల ప్రకారం రోజుకి 9-10 ఏళ్లవాళ్లు 75, 11-12 ఏళ్లవాళ్లు 85 పిచ్‌లకు మించి వేయకూడదు. ఈ వయసులో ఒక రోజు 66 లేదా అంతకన్నా ఎక్కువ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. పెరిగే వయసులో మోచేతి దగ్గర, భుజం దగ్గర ఎముకల చివరలు ఇంకా మెత్తగానే ఉంటాయి. "ఇంకొక్క బ్యాటర్, నువ్వు చేయగలవు" అన్నది మనసుని గట్టిచేసే మాటలా వినిపిస్తుంది, దెబ్బ పడేది చేతి మీద. ఊపిరాడకపోవడం, కాళ్లు బరువెక్కడం, ఏడుపు రావడం, ఇవి కష్టం, దాటొచ్చు. మోచెయ్యి లోపలి వైపు నొప్పి వస్తే అది దాటేది కాదు, వెంటనే చెప్పాల్సింది. ఈ తేడా మొదటి రోజే నేర్పించండి. "నొప్పిగా ఉంది కోచ్" అని వచ్చినవాణ్ని అందరి ముందు మెచ్చుకోండి. లేకపోతే రెండోవాడు దాచేస్తాడు.

పిచ్చర్ వరసగా వాక్‌లు ఇస్తున్నప్పుడు మౌండ్ (పిచ్చర్ నిలబడే మట్టి దిబ్బ) దగ్గరికి వెళ్తే ఒక్క మాటే చెప్పండి. నేను మొదట్లో మోచెయ్యి, అడుగు, గ్రిప్ అన్నీ చెప్పేవాణ్ని. ఇప్పుడు వెళ్లి, "మీ కుక్కపిల్ల ఎలా ఉంది?" లాంటిదేదో అడుగుతాను, వాడు నవ్వాక "క్యాచర్ గ్లవ్ మధ్యలోకి" అని వచ్చేస్తాను.

అంపైర్ గురించి చిన్న నియమం: మా జట్టులో అంపైర్‌తో మాట్లాడేది నేనొక్కణ్నే, అదీ ఇన్నింగ్స్ మధ్యలో. పిల్లలకి 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో జరిగింది చెబుతాను. పిచ్చర్ అర్మాండో గలరాగా 26 మందిని వరసగా అవుట్ చేశాడు. ఇంకొక్కణ్ని చేస్తే పర్ఫెక్ట్ గేమ్, అంటే అవతలి జట్టులో ఒక్కరూ బేస్ చేరని మ్యాచ్, పిచ్చర్ జీవితంలో ఒక్కసారి దొరికినా గొప్పే. 27వ బ్యాటర్ ఫస్ట్ బేస్ దగ్గర స్పష్టంగా అవుట్, కానీ అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. గలరాగా చిన్నగా నవ్వి, వెనక్కి నడిచి, తర్వాతి బ్యాటర్‌ని అవుట్ చేశాడు. మ్యాచ్ అయ్యాక వీడియో చూసిన జాయిస్ తన తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగాడు. మర్నాడు జట్టు జాబితా కాగితం గలరాగానే తీసుకెళ్లి జాయిస్ చేతికిచ్చాడు, జాయిస్ కళ్లు తుడుచుకున్నాడు. నేనిది చెప్పి ఊరుకుంటాను. పిల్లలు మొదట అడిగేది మాత్రం "ఆ పర్ఫెక్ట్ గేమ్ తర్వాతైనా ఇచ్చారా?" అని. లేదు, ఇవ్వలేదు. వాళ్లకి కోపమొస్తుంది. రానివ్వండి.

బెంచి మీద కూర్చోవడం కూడా నేర్పాల్సిన విద్యే. కూర్చున్నవాడికి పనుండాలి. ఒకరు పిచ్‌ల లెక్క క్లిక్కర్‌తో నొక్కుతారు, ఒకరు క్యాచర్‌కి ప్యాడ్‌లు కట్టడంలో సాయం చేస్తారు, ఒకరు అవతలి పిచ్చర్ మొదటి పిచ్ ఏం వేస్తున్నాడో గమనించి బ్యాటింగ్‌కి వెళ్లేవాడికి చెబుతారు. ఇద్దరిద్దరు చొప్పున ప్రతి ఇన్నింగ్స్ మారతారు. మీ సొంత కొడుకో కూతురో జట్టులో ఉంటే మొదటి మ్యాచ్ మొదటి ఇన్నింగ్స్ వాళ్లనే కూర్చోబెట్టండి. నేను అది చేయడానికి రెండో సీజన్ దాకా ఆగాను. అప్పటికే ఇద్దరు తల్లిదండ్రులు నాతో మాట్లాడటం మానేశారు, వాళ్ల కోపం న్యాయమైనదే.

తల్లిదండ్రులతో మీటింగ్ ఒక్కటి చాలు, సీజన్‌కి ముందు. నేను వాళ్లని కోరేది ఒకటే: ఇంటికెళ్లే దారిలో మ్యాచ్ గురించి మీరు మొదలుపెట్టకండి. కారులో పిల్లవాడు ఎటూ పారిపోలేడు, ఆ ఇరవై నిమిషాల్లో మీరు చెప్పే ప్రతి సలహా తీర్పులా వినిపిస్తుంది. నాకే ఇది చేతకావడం లేదు. నాలుక చివరిదాకా వస్తుంది, "ఆ హై పిచ్ ఎందుకు ఊపావు" అని. రేడియో పెడతాను. మావాడు సగం దారి కిటికీలోంచి బయటికి చూస్తాడు. కొన్నిసార్లు ఇల్లు వచ్చేదాకా అలాగే. ఇంకొన్నిసార్లు ఉన్నట్టుండి, "నాన్నా, నాలుగో ఇన్నింగ్స్‌లో నేను థర్డ్‌కి పరిగెత్తాల్సిందా?" అంటాడు. అప్పుడు కూడా నేను జవాబు చెప్పను, ముందు వాడు ఏం చూసి ఆగిపోయాడో అడుగుతాను.